యుద్ధవార్తల శీర్షికలు: ఒక విమర్శనాత్మక పఠనం

పరిచయం

కండ్లకోయలో ఉండేవాళ్లకు విమానాల మోత కొత్త కాదు. ఒకవైపు దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, మరోవైపు హకీంపేటలో వైమానిక స్థావరం. శిక్షణ విమానాలు తలల మీదుగా తిరుగుతూనే ఉంటాయి. అవుటర్ రింగు రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడినవాళ్లు తలెత్తి చూడరు. 2025 మే నెలలో ఒక నాలుగు రోజులు మాత్రం ఏ మోత వినిపించినా చూశారు. ఆకాశంలో ఏ తేడా లేదు. తేడా అంతా చేతిలోని ఫోనులో, హోటల్లో గోడకు వేలాడే టీవీలో.

ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది పగలు పనిచేసి రాత్రి చదువుకునేవారు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి వార్త మొత్తం చదివే ఓపిక ఉండదు. శీర్షిక చూస్తారు, ఫోను పక్కన పెడతారు. ఇందులో మీ తప్పేమీ లేదు. పత్రికలు శీర్షికను పెట్టేదే అందుకు. కాబట్టి, శీర్షిక తప్పయితే కింద నాలుగో పేరాలో నిజం ఉన్నా మీకు అందదు. వార్తకు ఉండవలసిన ఆరు ప్రశ్నలు మీకు తెలుసు: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. వాటిలో దేనికీ సరైన జవాబు చెప్పకుండానే పాఠకుణ్ణి నమ్మించగల శక్తి శీర్షికకు ఉంది. ఆ శక్తి యుద్ధకాలంలో ఎలా పనిచేసిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మే 8 రాత్రి

ముందుగా జరిగినదేమిటో క్లుప్తంగా. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7 తెల్లవారుజామున భారత సైన్యం ‘ఆపరేషన్ సిందూర్’ పేరుతో పాకిస్తాన్‌లోనూ, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోనూ తొమ్మిది స్థావరాల మీద దాడి చేసింది. అదే రోజు సాయంత్రం హైదరాబాదులో కొన్ని చోట్ల పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగింది, సైరన్లు మోగాయి. మే 10 సాయంత్రం కాల్పుల విరమణ. మొత్తం నాలుగు రోజులు.

ఆ నాలుగింటిలో మే 8 రాత్రి మన పాఠానికి ముఖ్యం. ఆ రాత్రి దేశంలోని ప్రధాన వార్తా చానెళ్లలో వచ్చిన ప్రకటనలను గుర్తు తెచ్చుకోండి. మన నౌకాదళం కరాచీ పోర్టును నేలమట్టం చేసిందన్నారు. మన సైన్యం ఇస్లామాబాదులోకి ప్రవేశించిందన్నారు. పాకిస్తాన్ సైన్యాధిపతిని అరెస్టు చేశారన్నారు. హిందీ, ఇంగ్లీషు చానెళ్లలో మొదలైన ఈ పోటీ తెలుగు తెరల మీదికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తెల్లవారేసరికి వీటిలో ఒక్కటీ నిలబడలేదు.

మే 11న ఢిల్లీలో త్రివిధ దళాల అధికారులు విలేకరుల సమావేశం పెట్టారు. నౌకాదళ కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ వైస్ అడ్మిరల్ ఎ.ఎన్. ప్రమోద్ అక్కడ చెప్పిన విషయాన్ని జాగ్రత్తగా చూడండి. ఉత్తర అరేబియా సముద్రంలో మన నౌకలు మోహరించి ఉన్నాయనీ, కరాచీతో సహా సముద్రం మీదా, నేల మీదా ఎంచుకున్న లక్ష్యాలను కొట్టడానికి పూర్తి సిద్ధంగా ఉన్నాయనీ ఆయన చెప్పారు. కొట్టడానికి సిద్ధంగా ఉండటం వేరు, కొట్టడం వేరు. ఆ తేడా తెలియని పాత్రికేయుడు ఉండడు. తెలిసీ దాన్ని చెరిపేశారన్నదే ఇక్కడ విమర్శ.

దీనివల్ల ఎవరికి నష్టం అని మీరు అడగవచ్చు. శత్రుదేశం పోర్టు గురించి ఒక రాత్రి అబద్ధం విని మనవాళ్లు సంతోషిస్తే ఏం పోయింది? జలంధర్ దగ్గరి విశ్వవిద్యాలయాల్లో చదివే తెలుగు పిల్లలు వందల్లో ఉన్నారు. ఆ రోజుల్లో పంజాబు, జమ్మూ కశ్మీర్ నుంచి విద్యార్థులు ఢిల్లీకి చేరుకుంటుంటే తెలంగాణ భవన్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ భవన్‌లోనూ కంట్రోల్ రూములు పెట్టి, వసతి చూపి ఇళ్లకు పంపించవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే జలంధర్‌లో డ్రోన్ దాడి అంటూ మంటల వీడియో ఒకటి తిరిగింది. అది పొలంలో అంటుకున్న మంట అని కేంద్ర ప్రభుత్వ పి.ఐ.బి. నిజ నిర్ధారణ విభాగం ప్రకటించింది. ఆ రెండింటి మధ్య గడిచిన గంటల్లో మేడ్చల్‌లోనో, షామీర్‌పేటలోనో ఒక తల్లి కొడుకు ఫోను కలవక ఎలా కూర్చుందో ఊహించండి. బయలుదేరమనాలా, గదిలోనే ఉండమనాలా? ఆమె నిర్ణయం తీసుకోవలసింది తెర మీద ఎర్ర అక్షరాలను చూసే. రైలెక్కడం క్షేమమా కాదా అన్న ప్రశ్నకు ‘పాక్ గజగజ’ అన్న శీర్షిక ఏం జవాబు చెబుతుంది?

ఇంకొక చిన్న సంగతి. చానెళ్లు తమ కార్యక్రమాల వెనక వైమానిక దాడి సైరన్‌ను నేపథ్య సంగీతంలా వాడాయి. మే 10న కేంద్ర హోం శాఖ కింద ఉన్న పౌర రక్షణ విభాగం, ఆ సైరన్‌ను ప్రజల అవగాహన కోసం తప్ప వాడవద్దని మాధ్యమాలను కోరవలసి వచ్చింది. వినీ వినీ అలవాటైతే, నిజంగా మోగిన రోజు ఎవరూ కదలరన్నది వారి భయం. నాన్నా పులి కథ మనకు చిన్నప్పుడే చెప్పారు.

‘అంట’ ఎక్కడికి పోయింది?

ఇప్పుడు శీర్షికను భాషగా చూద్దాం. మన ఊళ్లో విన్న మాటను ఎలా చెబుతాం? ‘వాగు పొంగిందంట’, ‘వాళ్ల పిల్లకు సంబంధం కుదిరిందంట’. పుస్తక భాషలో ‘అట’, మన వాడుకలో ‘అంట’. ఈ ఒక్క ప్రత్యయం చాలా పని చేస్తుంది. ‘నేను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను, పూచీ నాది కాదు’ అన్న మూడు సంగతులు అందులో ఉన్నాయి. చదువు రాని ముసలమ్మ కూడా తాను చూసినదానికీ, విన్నదానికీ ఈ తేడా పాటిస్తుంది. విన్నదాన్ని చూసినట్టు చెబితే ‘నువ్వు చూసినవా?’ అని నిలదీస్తారు.

తెలుగు శీర్షిక మొదట చేసే పని ఈ ‘అంట’ను తీసేయడం. ఈ మూడు వాక్యాలు చూడండి. ఇవి పాఠం కోసం కూర్చినవి, ఏ పత్రికవీ కావు.

కరాచీ పోర్టు ధ్వంసమైందని సామాజిక మాధ్యమాల్లో ప్రచారం
కరాచీ పోర్టు ధ్వంసం?
కరాచీ పోర్టు ధ్వంసం!

మొదటిది నిజమైన వాక్యం. ప్రచారం జరిగిన మాట వాస్తవం. రెండోదానిలో ప్రచారం చేసినవారు మాయమయ్యారు, ప్రశ్నార్థకం మాత్రం మిగిలింది. ఈ ప్రశ్నార్థకం గోడ మీద పిల్లి. నిజమైతే ‘మేమే ముందు చెప్పాం’ అనవచ్చు, కాకపోతే ‘మేం ప్రశ్నించాం అంతే’ అనవచ్చు. మూడోదానిలో ఆ మొహమాటం కూడా లేదు. ‘ధ్వంసం’ అన్నది నామపదం. క్రియ లేదు కనుక కాలం లేదు. కర్త లేడు కనుక చేసినవారెవరో అడగడానికి వీలు లేదు. ‘అంట’ లేదు కనుక చెప్పినవారెవరో తెలియదు. వాక్యంలో తప్పు పట్టుకోవడానికి దొరికే ప్రతి కొసనూ కత్తిరించేశారు.

క్రియ లేని శీర్షిక దానంతట అది నేరం కాదని కూడా చెప్పాలి. ‘సాగర్ గేట్లు ఎత్తివేత’ అని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అనుమానం ఉన్నవాడు డ్యాము దగ్గరికి వెళ్లి చూడవచ్చు. స్థలం తక్కువ, అక్షరాలు పెద్దవి. ఉపసంపాదకుడు మాటలు తగ్గించక తప్పదు. కానీ, యుద్ధవార్తలో పాఠకుడు వెళ్లి చూడలేడు. విలేకరి కూడా చాలాసార్లు వెళ్లలేడు. చూడలేని చోటి వార్తకే ‘అంట’ అవసరం ఎక్కువ, అక్కడే దాన్ని తీసేస్తున్నాం.

‘వర్గాల సమాచారం’ అన్న మాట ఈ లోటును పూడుస్తుందని కొందరంటారు. ఏ వర్గాలు? రక్షణ శాఖ అధికారా, పదవీ విరమణ చేసి స్టూడియోలో కూర్చున్న వ్యక్తా, వాట్సాప్ గ్రూపా? ‘వర్గాలు’ అన్న మాట ‘అంట’లా వినయంగా లేదు. అది విన్నదానికి అధికార ముద్ర వేస్తుంది.

పాత జ్ఞాపకం, కొత్త శీర్షిక

ఇన్ని నగరాలుండగా కరాచీయే ఎందుకు? దీనికి జవాబు 1971లో ఉంది. ఆ ఏడాది డిసెంబరు 4 రాత్రి భారత నౌకాదళపు క్షిపణి పడవలు నిజంగానే కరాచీ మీద దాడి చేశాయి. డిసెంబరు 8 రాత్రి మళ్లీ వెళ్లాయి, రేవులోని చమురు ట్యాంకులు తగలబడ్డాయి. డిసెంబరు 4ను నౌకాదళ దినోత్సవంగా జరుపుకొంటున్నది అందుకే. విశాఖ తీరంలో ఏటా ఆ విన్యాసాలు చూసేవాళ్లకు కరాచీ అన్న పేరు ఒక విజయ జ్ఞాపకం. తప్పుడు శీర్షిక శూన్యంలో పుట్టదు. పాఠకుడి మనసులో అప్పటికే ఉన్న నిజమైన కథ మీద వాలుతుంది. ‘అప్పుడు కొట్టాం, ఇప్పుడూ కొట్టాం’ అనుకోవడం ఎంత తేలికో గమనించండి.

అదే 1971 మనకు మరో రకం ఉదాహరణ కూడా ఇస్తుంది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. మన నౌకాదళం ఆ సంగతిని డిసెంబరు 9న ప్రకటించింది. ఊరి ముందర సముద్రంలో జరిగినదానికే ప్రజలు ఐదారు రోజులు ఆగారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల అది మునిగిందని భారత్ కథనం. లోపలి పేలుడు వల్లో, తాను పరిచిన మందుపాతర వల్లో మునిగిందని పాకిస్తాన్ కథనం. యాభై ఏళ్లు దాటినా ఈ వాదం తేలలేదు. 2017లో వచ్చిన తెలుగు చిత్రం ‘ఘాజీ’లో ఒక భారత జలాంతర్గామి దాన్ని ముంచుతుంది. అది కల్పన, సినిమాకు ఆ స్వేచ్ఛ ఉంది. కానీ, ఈరోజు మీ ఇంట్లో ఎవరినైనా ఘాజీ ఎలా మునిగిందని అడిగి చూడండి. చాలామంది సినిమానే చెబుతారు. తేలని ప్రశ్నను తేలనట్టుగా చెప్పే శీర్షిక కంటే తేల్చేసిన కథే మనసులో నిలుస్తుంది. సంపాదకుడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

చావుకు పెట్టే పేర్లు

తెలుగు పత్రిక క్రీడల పేజీని, యుద్ధవార్తల పేజీని పక్కపక్కన పెట్టి చదవండి. ‘చిత్తు’, ‘చావుదెబ్బ’, ‘ఊచకోత’, ‘చుక్కలు చూపించారు’. ఏ పేజీవో చెప్పడం కష్టం. పాకిస్తాన్‌ను ‘దాయాది’ అనడం రెండు పేజీల్లోనూ ఉంది. దాయాది అంటే ఆస్తి పంపకంలో వాటా ఉన్న రక్త సంబంధీకుడు. పగను కుటుంబ తగాదాగా చూపే ఆ మాటలో ఒక తెలివి ఉందని ఒప్పుకోవాలి. మిగతా మాటల్లో అదేమీ లేదు. క్రికెట్‌లో ‘ఊచకోత’కు గురైనవాడు మర్నాడు మళ్లీ బ్యాటు పట్టుకొని వస్తాడు.

మరణానికి వాడే మాటల్లోనూ ఒక అంతస్తు ఉంది. మన సైనికుడిది ‘వీరమరణం’. పౌరుడిది ‘మృతి’ లేదా ‘దుర్మరణం’. ఎదుటివాడు ‘హతం’. ఉగ్రవాదినైతే ‘మట్టుబెట్టారు’. ఎవరిని ఏ గదిలో వేయాలన్నది శీర్షిక పెట్టేవాడి చేతిలో ఉంటుంది. తప్పు గదిలో వేస్తే ఏమవుతుంది?

మే 7న సరిహద్దు పట్టణం పూంఛ్ మీద పాకిస్తాన్ ఫిరంగులు కురిసినప్పుడు ఒక మదర్సా ఉపాధ్యాయుడు చనిపోయాడు. స్థానికుడు, భారత పౌరుడు, శత్రువు కాల్పుల్లో పోయినవాడు. కొన్ని జాతీయ చానెళ్లు ఆయన ఫొటో వేసి, సైన్యం హతమార్చిన ఉగ్రవాదిగా చూపించాయి. పూంఛ్ పోలీసులు దాన్ని ఖండించారు. తర్వాత అక్కడి న్యాయస్థానం చానెళ్ల మీద కేసు నమోదు చేయమని ఆదేశించింది. ఇక్కడ ‘తొందరలో పొరపాటు’ అన్న సమర్థన నిలవదు. ఆయన ఎవరో పూంఛ్‌లో ఒక్క ఫోను చేస్తే తెలిసేది. గడ్డం, టోపీ ఉన్న ఫొటో చూసి, ఫోను అవసరం లేదనుకున్నారు. నా అభిప్రాయంలో ఆ నాలుగు రోజుల శీర్షికల్లో అన్నిటికంటే నీచమైనది ఇది. కరాచీ శీర్షికను మర్నాడు నవ్వి వదిలేయవచ్చు. ఆ ఇంటివాళ్లు చావు దుఃఖంలో ఉండగానే తమవాడు ఉగ్రవాది కాదని రుజువు చేసుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే మే 9న శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయిన వార్త వచ్చింది. యుద్ధం గెలిచేశామని తెర మీద రాత్రంతా చెప్పిన గొంతులే ఈ వార్తనూ చదివాయి. అంత సులభంగా గెలిచిన యుద్ధంలో ఈ పిల్లవాడు ఎలా పోయాడన్న ప్రశ్న వాళ్లకు రాలేదు. అబద్ధపు గెలుపు శీర్షిక శత్రువును కించపరుస్తుందని అనుకుంటాం. సరిహద్దులో నిలబడినవాడి ప్రమాదాన్ని కూడా అది చిన్నది చేస్తుంది.

పేరే శీర్షిక: 1948

ఇదంతా టీవీ తెచ్చిన జబ్బు అనుకుంటే పొరపాటు. మన తాతల కాలానికి వెళదాం. మేడ్చల్, షామీర్‌పేట అప్పుడు నిజాం రాజ్యంలోనివి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ట్యాంకులు, విమానాలు పాల్గొన్న ఈ సైనిక చర్యకు సైన్యం పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ పోలో’. ప్రజల కోసం పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. ఈ రెండో పేరు ఆ శతాబ్దంలో మన ప్రాంతానికి దక్కిన అత్యంత జయప్రదమైన శీర్షిక. మరో దేశం మీద యుద్ధం కాదు, ఇంటి లోపలి శాంతిభద్రతల వ్యవహారం అని ప్రపంచానికి రెండు మాటల్లో చెప్పింది. ఇప్పటికీ మన పెద్దలు ‘పోలీస్ యాక్షన్’ అనే అంటారు. దాని వెంట జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ కమిటీ మృతులు 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ‘పోలీసు చర్య’ అన్న శీర్షిక కింద అంత సంఖ్య ఇమడదు.

రెండో వైపు కూడా చూడాలి. ఆ దాడికి మూడు వారాల ముందు, ఆగస్టు 21 రాత్రి, ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను కాచిగూడలో హత్య చేశారు. రజాకార్లను విమర్శించి, భారత్‌లో విలీనాన్ని సమర్థించినందుకు రాసే చేతిని నరికారు. ఇవాళ స్టూడియోలో కూర్చొని యుద్ధం గెలిపించేవారి ధైర్యాన్ని కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనిపించదు. ఆయన తన చుట్టూ ఉన్న ఆయుధాలకు ఎదురు రాశాడు. వీళ్లు గుంపు వినాలనుకున్నదే చదివారు.

సెప్టెంబరు 17 పేరు గొడవ ఇంకా తీరలేదు. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని కొందరు. 2022లో కేంద్రం విమోచన దినం జరిపితే రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రజా పాలన దినోత్సవమంది. ఒకే తేదీకి పెట్టిన ఈ శీర్షికలను వరుసగా రాసుకోండి. ప్రతిదీ ఏదో ఒక సంగతిని చెప్పి, మరో సంగతిని దాస్తుంది.

నియమాలున్నాయి, కానీ

నియమాలు లేక ఈ తప్పులు జరగలేదు. శీర్షిక దాని కింది వార్తకు తగినట్టు ఉండాలని, రెచ్చగొట్టేలా ఉండకూడదని, ఆరోపణ అయితే చేసినవారెవరో శీర్షికలో తెలియాలని, లేదా కనీసం ఉల్లేఖన చిహ్నాలైనా ఉండాలని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి చెబుతుంది. కౌన్సిల్ మందలించగలదు, అంతకు మించి చేయలేదు. టీవీ దాని పరిధిలోకే రాదు. చానెళ్లకు తాము పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థ ఉంది. సభ్యులు కానివారికి అదీ లేదు.

ప్రభుత్వం జోక్యం చేసుకుంటే సరిపోతుందా? 2025 ఏప్రిల్ 26న సమాచార, ప్రసార శాఖ సైనిక కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని చానెళ్లకు సూచించింది. కార్గిల్ యుద్ధం, కాందహార్ హైజాక్, ముంబయి దాడుల అనుభవాన్ని గుర్తు చేసింది. సబబైన సూచన. కానీ, అది రహస్యాన్ని కాపాడుతుంది, సత్యాన్ని కాదు. ఉన్న నౌక ఎక్కడుందో చెప్పవద్దన్నది నియమం. లేని దాడిని చూపవద్దన్నది ఆ ఉత్తర్వులో విషయమే కాదు. మే 9న ‘ది వైర్’ వెబ్‌సైటు దేశంలో తెరుచుకోకుండా చేశారు. పాకిస్తాన్ కూల్చిందంటున్న మన యుద్ధవిమానం గురించి విదేశీ చానెల్ ఇచ్చిన వార్తను అది ప్రచురించింది. యుద్ధంలో విమానాలు కోల్పోయిన మాట నిజమేనని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నారు. ఆరు కూల్చామన్న పాకిస్తాన్ మాట మాత్రం తప్పన్నారు. గెలుపు అబద్ధాలకు అడ్డు లేదు, నష్టం గురించిన వార్తకు అడ్డు ఉంది. ఈ తేడాను పాత్రికేయ విద్యార్థి గమనించకుండా ఉండకూడదు.

ఎదుటి పక్షం మనకంటే మెరుగేమీ కాదు. తమ వైమానిక దళాన్ని లండన్ ‘డైలీ టెలిగ్రాఫ్’ మొదటి పేజీలో పొగిడిందని పాకిస్తాన్ విదేశాంగ మంత్రి ఇషాక్ దార్ వాళ్ల సెనేట్‌లోనే చెప్పారు. ఆ పేజీ నకిలీది. ఆ సంగతి బయటపెట్టినవాళ్లలో పాకిస్తాన్ పత్రిక ‘డాన్’ ఉంది. సొంత మంత్రి మాటను, గెలిచామన్న సంబరం మధ్య, సరిచూసి తప్పని రాయడం దేశద్రోహమని ఆ పత్రిక అనుకోలేదు. మన దగ్గర కూడా చిన్న చిన్న నిజ నిర్ధారణ బృందాలు ఆ రాత్రుల్లో నిద్ర మానుకొని ఇదే పని చేశాయి. పెద్ద చానెళ్లకు అంతకంటే ఎక్కువ మంది విలేకరులు, ఎక్కువ ఫోను నంబర్లు ఉన్నాయి.

అభ్యాసం

మీ దగ్గరి శాఖా గ్రంథాలయంలో గానీ, పత్రికల ఇ-పేపరులో గానీ 2025 మే 9, మే 12 తేదీల తెలుగు దినపత్రిక ఒకటి తీసుకోండి. రెండు రోజుల మొదటి పేజీ శీర్షికలను నోటుబుక్కులో రాసుకోండి. ప్రతి శీర్షిక చివర ‘అంట’ చేర్చి పైకి చదవండి. చేర్చినప్పుడు ఏ శీర్షికలు ఏమీ కోల్పోలేదు, ఏవి కుప్పకూలాయి? కూలినవాటి కింది వార్తను చివరి వరకు చదివి, చెప్పినవారి పేరు ఎన్నో వాక్యంలో వచ్చిందో లెక్కపెట్టండి. ఆ తర్వాత అదే వార్తకు ఎనిమిది మాటలు మించకుండా మీ శీర్షిక పెట్టండి. చెప్పినవారెవరో అందులోనే తెలియాలి. ఇది అనుకున్నంత తేలిక కాదు, రెండు మూడు సార్లు కొట్టివేయవలసి వస్తుంది. కొట్టివేసినవాటిని చింపేయకుండా కౌన్సెలింగు తరగతికి తీసుకురండి.